పళ్ళమ్మాయి పరాయి భాష

వీధిలో అందరూ ఆమెను పళ్ళమ్మాయి అనేవారు. ఆమెకు పుట్టుకతోనే చెవుడు కాబట్టి ఆ సంగతి చాలా ఏళ్ళు తెలియలేదు. తెలిశాక కూడా ఏమీ అనుకోలేదు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేసే మనిషిని పళ్ళమ్మాయి అనక ఇంకేమంటారని నవ్వేసింది. చెవిటివాళ్ళ క్లబ్బులో ఆమెకు పెట్టిన సైగపేరు కూడా దాదాపు అదే. చూపుడువేలితో ముందుపంటి మీద రెండుసార్లు తట్టితే ఆమె అని అర్థం.

ల్యాబు ఒక మేడ కింద పొడుగాటి గది. డాక్టర్లు రోగుల నోట్లోంచి తీసిన అచ్చులు అక్కడికి వచ్చేవి. వాటిలో ప్లాస్టర్ పోసి దవడ బొమ్మ తీయడం వేరేవాళ్ళ పని. ఆ దవడ మీద ఎర్ర మైనం అద్ది, అందులో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టడం ఆమె పని. ముందుపళ్ళను మరీ గోడ కట్టినట్టు వరసగా పేరిస్తే మనిషి నవ్వు అతికించినట్టు ఉంటుంది. ఒక పన్నును రవ్వంత పక్కకు తిప్పాలి, ఇంకొకదాన్ని వెంట్రుకవాసి పొట్టిగా ఉంచాలి. మనిషి వయసును బట్టి రంగు ఎంచాలి. యజమాని నోరారా మెచ్చుకోవడం ఎరగని మనిషి. కష్టమైన సెట్టు వస్తే మారు మాట్లాడకుండా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆమె దాన్నే మెప్పు కింద జమ కట్టుకునేది.

తల్లీ తండ్రీ పోయాక ఆమె అన్నయ్య దగ్గరే ఉండిపోయింది. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్. చెల్లెలంటే ప్రాణమే గానీ ఆమెతో మాట్లాడటానికి అతని దగ్గర ఉన్న సైగలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిను, పడుకో, తలుపు వెయ్యి, జాగ్రత్త. అంతే. వదిన అలా కాదు. వదిన వట్టి వాగుడుకాయ. ఆడపడుచుకు వినపడదని తెలిసీ నోరు కట్టుకోలేక గలగలా మాట్లాడుతూ, మధ్యమధ్య చేతులు ఊపుతూ ఉండేది. ఆ ఊపుల్లో సగానికి అర్థం ఉండేది కాదు.

"నువ్వు దానితో మాట్లాడుతున్నావా, ఈగలు తోలుతున్నావా?" అని అన్నయ్య వెక్కిరించేవాడు.

"మీ సైగలకంటే నా ఈగలే నయం. కనీసం దానికి నవ్వొస్తుంది" అనేది వదిన.

ఇలా రోజులు వెళ్ళిపోతుండగా ఆమె కళ్ళకు తెగులు పట్టుకుంది. మొదట సాయంత్రాలు పోయాయి. వీధి దీపాలు వెలిగే వేళకు దారి మసకబారేది. మెట్టు ఎక్కడుందో తెలిసేది కాదు. తరవాత పగటిపూట కూడా పక్కనుంచి మనుషులు ఉన్నట్టుండి ఊడిపడ్డట్టు కనిపించసాగారు. తలుపు అంచు నుదుటికి తగిలేది. బల్ల మీద మోచేతి పక్కనున్న మైనం గిన్నె చెయ్యి తగిలి బోర్లాపడేది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని అన్నయ్య సైగ చేసి నవ్వేవాడు. నవ్వనిది వదిన ఒక్కతే. ఆవిడే చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు చాలాసేపు పరీక్షచేసి, వదినతో ఏదో చెప్పాడు. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ ఎప్పుడూ లేనిది నోరు మూసుకుని కూర్చుంది. అది చూసి డాక్టరు ఒక కాగితం తీసుకుని పళ్ళమ్మాయి వైపు తిప్పాడు. పెద్ద సున్నా గీశాడు. దాని కింద ఇంకా చిన్న సున్నా. దాని కింద మరీ చిన్నది. చివరికి ఒక చుక్క పెట్టి, పెన్ను మూతపెట్టేశాడు. చెవినీ కంటినీ కలిపి పుట్టుకతోనే పట్టుకునే జబ్బు అది. మందు లేదు. ఇంకెన్నాళ్ళు అని ఆమె సైగచేసి అడిగితే, తెలియదన్నట్టు అరచేతులు విప్పాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే క్లబ్బులో కొత్త కబురు వచ్చింది. క్లబ్బు అంటే ఒక సైకిల్ షాపు మీది గది. సెలవు రోజుల్లో చెవిటివాళ్ళందరూ అక్కడ చేరి చేతులు నొప్పెట్టేదాకా కబుర్లు చెప్పుకుంటారు. క్లబ్బు నడిపే మాస్టారు కూడా చెవిటివాడే. ఒకరోజు ఆయన కుర్చీ ఎక్కి నిలబడి అందరి చూపూ తన మీదికి తిప్పుకున్నాడు. సముద్రం అవతల ఒక దేశంలో చెవిటివాళ్ళ శిక్షణ కేంద్రం ఉందని, మన దగ్గరనుంచి ఒకరిని అక్కడికి పిలిచి ఒక చలికాలమంతా ఉంచుకుంటారని చెప్పాడు. అయితే వెళ్ళే మనిషికి ఆ దేశపు సైగల భాష వచ్చి ఉండాలి.

సైగలు ఎక్కడైనా ఒకటే కదా అని చెవులున్నవాళ్ళు అనుకుంటారు. వదిన కూడా అలాగే అంది. కానే కాదు. ఇక్కడ అక్షరాలు రెండు చేతులతో చూపిస్తే అక్కడ ఒక్క చేత్తో చూపిస్తారు. ఇక్కడ 'నీళ్ళు' అనే సైగ అక్కడ 'అబద్ధం'. ఒక దేశం నోటిమాట ఇంకో దేశానికి ఎంత దూరమో, చేతిమాటా అంతే దూరం.

పళ్ళమ్మాయి ముందుకొచ్చి నిలబడింది. కళ్ళ సంగతి చెప్పలేదు. చెబితే పంపరని తెలుసు. చూపు ఉండగానే ఇంకో లోకం చూసిరావాలనే ఆశ ఆమెను నిలవనీయలేదు.

ఆ కేంద్రంలో పనిచేసే ఒకామె ఫోన్‌లో వీడియో ద్వారా పాఠాలు చెప్పేది. చూపుడువేలు బుగ్గమీద పెట్టి గుండ్రంగా తిప్పడం ఆమె సైగపేరు. ఆమె నవ్వితే బుగ్గన సొట్ట పడేది. అందుకని పళ్ళమ్మాయి మనసులో ఆమె సొట్టబుగ్గ అయిపోయింది. తొలి పాఠంలోనే "నాకు నీళ్ళు కావాలి" అనబోయి "నాకు అబద్ధం కావాలి" అంది పళ్ళమ్మాయి. "ఎంత పెద్దది కావాలి?" అని సొట్టబుగ్గ అడిగింది. ఆ నవ్వుతోనే ఇద్దరికీ జత కుదిరింది. పాఠాలు కాస్తా కబుర్లయ్యాయి. ల్యాబు, వదిన, అన్నయ్య, అన్నీ ఆ చిన్న తెరలోంచి అవతలికి వెళ్ళాయి. అవతలి మంచూ, బేకరీ కిటికీ, సొట్టబుగ్గ పెంచే కుంటి పిల్లీ ఇవతలికి వచ్చాయి.

"ఇక్కడి మాటలే సరిగా తెలియని ఇంట్లో ఉండి, ఎక్కడివో మాటలు నేర్చుకుని ఏం చేస్తుందట?" అన్నాడు అన్నయ్య ఒకరోజు.

వదిన గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఏవండీ, ఈ ఇంట్లో దానితో కూర్చుని మనసువిప్పి మాట్లాడినవాళ్ళెవరు? మీరా? నేనా? ఆ ఫోన్‌లో పిల్లే కదా! పోనివ్వండి. చూడగలిగినన్నాళ్ళు చూసి రానివ్వండి."

మర్నాడు అన్నయ్య కొత్త సూట్‌కేసు తెచ్చి చెల్లెలి మంచం పక్కన పెట్టి, తనకేమీ తెలియనట్టు డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆమెను ఎంపిక చేశారు. ఆమె వెళ్ళింది.

విమానాశ్రయంలో సొట్టబుగ్గను చూడగానే వాటేసుకుంది. ఆ ఒక్క రోజూ అంతా కలలా గడిచింది. మర్నాటినుంచే కష్టాలు మొదలయ్యాయి. తెరమీద అయితే మొహమూ చేతులూ కలిసి అరచేతి వెడల్పులో ఇమిడిపోయేవి, ఆమెకు మిగిలిన చూపుకు అది చాలేది. ఎదురుగా నిలబడ్డ నిండు మనిషి అందులో ఇమడడు. మొహం చూస్తే చేతులు పోతాయి, చేతులు చూస్తే మొహం పోతుంది. సైగల భాషలో మొహం లేకపోతే సగం అర్థం పోయినట్టే. కనుబొమలు ఎత్తితే అది ప్రశ్న, ఎత్తకపోతే మామూలు మాట. తరగతిలో పాఠం చెప్పే ఆయన "పెళ్ళయిందా?" అని అడిగితే, ఆయన తనకు పెళ్ళయిందని చెబుతున్నాడనుకుని "మీకు అభినందనలు" అంది. తరగతి అంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా నవ్వింది.

ఆ దేశంలో చలికాలం పగలు ఇలా వచ్చి అలా పోయేది. మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి కిటికీల అవతల చీకటి. పెద్ద హాల్లో అందరూ గుంపుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఆమె ఒకరి చేతులనుంచి ఇంకొకరి చేతులకు చూపు మళ్ళించేలోపు మాట దాటిపోయేది. ఆఖరికి ఆమె గోడవైపు కుర్చీ వెతుక్కుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఎవరైనా పలకరిస్తే నవ్వి తల ఊపేది. ఇంత దూరం వచ్చి, ఇంత భాష నేర్చి, ఇక్కడా తల ఊపడమే గతి అయిందని గదిలోకి వెళ్ళి దిండులో మొహం దాచుకుని ఏడ్చేది.

ఒకరోజు నడవలో టీ కప్పుల ట్రే తీసుకొస్తున్నామె మీదికి నేరుగా నడిచింది. కప్పులన్నీ భళ్ళున పగిలాయి. సొట్టబుగ్గ ఆమెను మెల్లగా గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఏమీ అడగలేదు. ఆమె రెండు చేతులూ తీసుకుని తన చేతులమీద పెట్టుకుంది. అలా పెట్టుకునే ఒక మాట మెల్లగా చెప్పింది. "నాకు తెలుసు."

పళ్ళమ్మాయి చేతులు లాగేసుకుంది. చేతులు పట్టుకుని మాట్లాడటం కళ్ళు లేనివాళ్ళ పద్ధతి. "నేను గుడ్డిదాన్ని కాదు. నాకు కనిపిస్తుంది" అంది ఒళ్ళు మండిపోయి. "నీకూ నాకూ స్నేహం కదా, జాలి ఎందుకు మధ్యలో?"

"జాలి కాదు. నీతో మాట్లాడలేక నా ప్రాణం పోతోంది" అంది సొట్టబుగ్గ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం ఎలా ఉందో పళ్ళమ్మాయికి తెలియలేదు. చేతులే చూస్తోంది. వాళ్ళిద్దరూ కొన్ని రోజులు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు.

ఆ మంకుపట్టు విడిపించినవాడు ఒక ముసలాయన. ఆయనకు చెవులూ లేవు, కళ్ళూ లేవు. కేంద్రంలోనే ఒక మూల గదిలో ఉంటూ కుర్చీలకు తాడు అల్లేవాడు. సాయంత్రం అయ్యేసరికి హాల్లోకి వచ్చి చుక్కల బిళ్ళలాట, అదే డొమినో, ఆడేవాడు. బిళ్ళలమీద గుంటలు తడిమి ఆడటం, వీలు చిక్కితే ఒక బిళ్ళ చొక్కా చేతిలో దోపుకోవడం ఆయన అలవాటు. అందుకే అందరూ ఆయన్ని దొంగాట ముసలాయన అనేవారు. పట్టుబడితే తప్పు ఒప్పుకునే రకం కూడా కాదు. పట్టుకున్నవాళ్ళనే తిట్టేవాడు.

ఒకరోజు గోడపక్కన కూర్చున్న పళ్ళమ్మాయి మోకాలు ఆయన కర్రకు తగిలింది. ఆయన వంగి, తడిమి, ఆమె చేతులు అందుకుని తన చేతులమీద వేసుకున్నాడు.

"ఎవరు నువ్వు? చేతులు చల్లగా ఉన్నాయి. వేళ్ళ కొనలు వేడి మైనం తగిలి గట్టిపడ్డట్టున్నాయి. కొవ్వొత్తులు చేస్తావా?"

ఆమె మొదట లేచిపోదామనుకుంది. ముసలాయన పట్టు వదల్లేదు. చివరికి ఆయన చేతుల్లోనే జవాబు చెప్పింది. "పళ్ళు చేస్తాను."

"అయితే నాకొక సెట్టు చెయ్యి. ఉన్నది వదులైంది, తిట్టేటప్పుడు ఊడిపోతోంది" అన్నాడాయన. కప్పులు పగిలిన సంగతి ఆయనదాకా వచ్చినట్టుంది, తరవాత ఉపోద్ఘాతం ఏమీ లేకుండా అడిగాడు. "నీకింకా చూపు ఎంత మిగిలింది?"

ఆ ప్రశ్న అంత సూటిగా ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఆయన అరచేతిలో చూపుడువేలితో చిన్న సున్నా గీసింది.

"నాకైతే అదీ పోయాక గానీ బుద్ధి రాలేదు" అన్నాడు ముసలాయన. "అప్పుడు నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది, ఆ మూడేళ్ళూ నాతో మాట్లాడిన దిక్కు లేదు. నువ్వు ఇప్పుడే నేర్చుకో. ఏడవాలంటే ఏడుస్తూనే నేర్చుకో. చేతులకు ఆ తడి అడ్డం రాదు."

ఆమె ఏడుస్తూనే నేర్చుకుంది. ఎదుటి మనిషి చేతులమీద తన చేతులు తేలికగా ఆనించి ఉంచడం, ప్రశ్న అయితే మణికట్టు చిన్నగా కుదిపి తెలపడం, నవ్వు వస్తే మోకాలిమీద వేళ్ళు ఆడించడం. సొట్టబుగ్గ రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేది. తెలియకుండానే ఆ జట్టు మళ్ళీ కలిసిపోయింది. ఆ చలికాలం చివరికి ఆమె కళ్ళు మూసుకుని ఆ భాషలో పోట్లాడగలదు, జోకు వేయగలదు, ముసలాయన చొక్కా చేతిలోంచి బిళ్ళ లాగి ఆయనచేత తిట్లు తినగలదు. పుట్టిన తరవాత అంతగా మాట్లాడిన రోజులు ఆమెకు లేవు.

గడువు తీరి ఇంటికి తిరిగివచ్చింది.

ల్యాబులో యజమాని కష్టమైన సెట్లు మళ్ళీ ఆమె బల్లమీద పెట్టాడు. పళ్ళను నిలబెట్టడంలో లోటు రాలేదు, వేళ్ళకు ఆ పని తెలుసు. రంగుల దగ్గరే దెబ్బ తింది. ఒక పెద్దావిడకు కుర్రపిల్ల పళ్ళలాంటి తెల్లటివి వెళ్ళిపోయాయి. ఇంకొకరికి పైవరస ఒక రంగూ కిందివరస ఒక రంగూ అయ్యాయి. యజమాని కోప్పడలేదు. ఆమెను పాలిష్ పనికి మార్చాడు. తిరిగే చక్రం దగ్గర ఒకసారి వేలు తెగింది. ఆ తరవాత ఆయన ఇంటికి వచ్చి, అన్నయ్యతో గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఆమె వాడిన మైనం కత్తి గుడ్డలో చుట్టి వదిన చేతికిచ్చాడు.

క్లబ్బులో ఇంకోరకం కష్టం. స్నేహితులు ఆమెతో చేతులు పట్టుకుని మాట్లాడటానికి నిజంగానే ప్రయత్నించారు. కానీ ఇక్కడి భాషలో రెండు చేతుల అక్షరాలు. పైన ఆనించిన ఆమె చేతులు వాళ్ళకు అడ్డం పడేవి. వాళ్ళు గబగబా చెప్పేసేవాళ్ళు, ఆమె అందుకోలేకపోయేది. మళ్ళీ చెప్పమంటే విసుక్కోకుండా చెప్పేవాళ్ళు. మూడోసారి మాత్రం "ఏం లేదులే, చిన్న విషయం" అనేవాళ్ళు. మాస్టారు ఒక్కరే గంటసేపు కూర్చునేవాడు. వయసుకు ఆయన చేతులు వణికేవి, మాట తెలిసేది కాదు. మెల్లమెల్లగా ఆమె వెళ్ళడం మానేసింది.

చూపు చుక్కంత అయింది. ఆ చుక్కమీద కూడా పొగ కమ్మింది. ఫోన్ తెర అంటే ఇప్పుడు ఒక తెల్లటి మరక. అందులో సొట్టబుగ్గ ఉంటుందని తెలుసు, చేతులు ఆడిస్తుందనీ తెలుసు. ఈమె చెప్పేది ఆమెకు కనిపిస్తుంది, ఆమె చెప్పేది ఈమెకు చేరదు. ఆమె చేతులు పట్టుకుందామంటే మధ్యలో సముద్రం ఉంది. నిండా నేర్చిన భాష తాకితేనే అర్థమయ్యేదీ, తాకే మనుషులు ఒక్కరూ లేనిదీ అయి కూర్చుంది. అన్నయ్య ఎవరినో అడిగి, అక్కడివాళ్ళు రాసి పంపిన మాటల్ని ఫోన్‌లో మన భాషలోకి మార్పించాడు. వదిన వాటిని అక్షరం తరవాత అక్షరం ఆడపడుచు అరచేతిలో రాసేది. మూడో మాటకు వచ్చేసరికి మొదటిమాట జారిపోయేది.

అప్పుడు వదినకే ఒక ఆలోచన వచ్చింది. ఫోన్‌ను డబ్బాకు ఆనించి నిలబెట్టింది. పళ్ళమ్మాయి చేతులు తీసుకుని తన చేతులమీద పెట్టుకుంది. తెరమీద సొట్టబుగ్గ చేతులు ఎలా కదిలితే తన చేతులూ అలా కదిపింది. ఒక్క ముక్కకూ అర్థం తెలియదు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమైపోయేది. ఒక వేలు ముడవాల్సిన చోట రెండు ముడిచేది. పైగా మధ్యమధ్య అలవాటుకొద్దీ ఈగలు తోలేది. అయినా ఆ తప్పుల్లోంచి మాట బయటికి వచ్చింది. "పిల్లి... ఈనింది... మూడు." పళ్ళమ్మాయి ఒక్కసారిగా నవ్వింది. ఎన్ని నెలలకో ఆ నవ్వు.

"ఏమందే? ఏమంది?" అని వదిన ఆమె భుజం కుదిపింది. చెబితే పొంగిపోయింది. "ఏవండీ, నా చేతులు పరాయి భాష మాట్లాడాయి!" అని అన్నయ్యకు చాటింపు వేసింది.

అప్పటినుంచి ప్రతి సెలవురోజూ అదే పని. వదిన ఇంటి పనులన్నీ తెముల్చుకుని వచ్చి కూర్చునేది. ఒకరోజు సొట్టబుగ్గ తెరమీదికి వచ్చింది. ఆమె చేతులు రోజూకంటే మెల్లగా కదిలాయి. వదిన అన్నీ ఉన్నవున్నట్టు దించింది. మణికట్టు దగ్గర చొక్కా అంచు లాగడం, ఏదో దోపుకున్నట్టు వేళ్ళు లోపలికి పోనివ్వడం. తరవాత రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి ఒకేసారి వెల్లకిలా తిప్పడం. ఈసారి బాగా వచ్చిందని వదిన మురిసిపోయింది. చేతులమీంచి చూపు పైకెత్తితే తెరలో ఆ పిల్ల ఏడుస్తోంది. పక్కకు చూస్తే ఆడపడుచు మొహం పాలిపోయింది.

వదిన ఆమె అరచేతిలో రాసింది. "ఏమైంది?"

పళ్ళమ్మాయి ఇంటిసైగల్లో చెప్పింది. "ముసలాయన. పోయాడు."

వదిన కాసేపు తన చేతులు తనవి కానట్టు చూసుకుంది. దొంగాట ముసలాయన కథలు ఆవిడకు కంఠస్థం. "నేనా చెప్పింది? నా చేతులతోనా? నవ్వుతూ చెప్పానే తల్లీ!" అని పైకే అంటూ ఆమెను దగ్గరికి తీసుకుని భోరుమంది. పళ్ళమ్మాయి ఏడవలేదు. తెర ఉందనుకున్న వైపు తిరిగి, సొట్టబుగ్గ కోసం మెల్లగా ఏవో మాటలు చెప్పింది. అవేమిటో వదినకు అర్థం కాలేదు. అవతలి పిల్ల మాత్రం తల ఊపుతూ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు వదిన ఆడపడుచు ఎదురుగా వచ్చి కూర్చుంది. అరచేతిలో రాసింది. "నేర్పు. ఇకమీదట అర్థం తెలియని మాట నా చేతులు చెప్పవు."

అలా ఆ వంటింట్లో పరాయి దేశపు భాష మొదలైంది. వదినకు చదువు అంతంతమాత్రం, ఓపిక అంతకంటే తక్కువ. 'పోయాడు' అనే మాట ఒక్కటీ మొదటిరోజే వచ్చేసింది. మిగతావి ఒక పట్టాన వంటబట్టలేదు. తిండి, నీళ్ళు, వేడి, జాగ్రత్త, ఇలాంటివి వచ్చాయి. నీళ్ళకూ అబద్ధానికీ తేడా ఎప్పుడూ తికమకే.

వర్షాలు పట్టిన రోజుల్లో ఒక ఉదయం పళ్ళమ్మాయి లేచి కూర్చుంది. కిటికీ ఉండాల్సిన వైపు చూసింది. ఆ చుక్క లేదు. తల అటూ ఇటూ తిప్పింది. లేదు. ఎవరికీ చెప్పలేదు. మొహం కడుక్కుంది, జుట్టు ముడివేసుకుంది, గోడ పట్టుకుని వచ్చి పీటమీద కూర్చుంది. వదిన కంచం పెట్టి ఆమె వేళ్ళను అంచుకు తాకించింది. కొంచెం తిన్నాక పళ్ళమ్మాయి వదిన చేతులు వెతికి పట్టుకుంది. ఆ పరాయి భాషలో ఒక్కమాట చెప్పింది. "అయిపోయింది."

ఆ మాట వదినకు వచ్చిన కొద్ది మాటల్లో ఒకటి. "అయిపోయిందా? కడుపు నిండా తినవేం?" అంటూ ఆవిడ కంచంలో ఇంకొంచెం వడ్డించింది.

పళ్ళమ్మాయి దిద్దలేదు. తలవంచుకుని తినేసింది.